విద్యార్థి మనసు బాగోలేనప్పుడు పాఠశాల నర్సు ఏం చేయాలి: విశాఖపట్నంలో పనిచేసేవారికి ఒక కార్యాచరణ మార్గదర్శి

పాఠశాల ఆరోగ్య గదికి వచ్చే పిల్లలు ముందుగా చెప్పేది ఒంటి బాధ. "కడుపులో ఏటోలా ఉంది సిస్టర్" అంటారు, "తల పగిలిపోతంది" అంటారు, "రాత్రంతా నిద్ర పట్టలేదు, ఇక్కడ కాసేపు పడుకోనా" అని అడుగుతారు. వారిలో చాలామందికి నిజంగానే అజీర్ణమో, రక్తహీనతో, చూపు సమస్యో ఉంటుంది. కొందరికి మాత్రం ఆ నొప్పి వెనుక దిగులు, భయం, ఇంట్లో గొడవలు, తోటివారి వేధింపు, చదువు ఒత్తిడి ఉంటాయి. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. అంటే నలభై మంది కూర్చునే తరగతిలో సగటున ముగ్గురు. ఆ ముగ్గురూ తమంతట తాము మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లడం అరుదు. మీ గదికి మాత్రం ఏదో ఒక నొప్పి పేరుతో వచ్చి తీరతారు.

ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ప్రైవేటు పాఠశాలలో నర్సుగా ఉన్నవారికీ, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఏఎన్ఎంలుగా ఉన్నవారికీ, ఇంటర్ హాస్టళ్లలో ఆరోగ్యం చూసుకునేవారికీ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. జబ్బుకు పేరు పెట్టడం మీ పని కాదు. గమనించడం, వినడం, ప్రమాదం నుంచి కాపాడడం, సరైన చేతుల్లో పెట్టడం, ఆ తర్వాత కూడా కనిపెట్టుకుని ఉండడం మీ పని. వీటిలో చివరిదాన్నే మనం ఎక్కువగా వదిలేస్తుంటాం.

1. పిల్లలు రాకముందే సిద్ధం చేసుకోవలసినవి

మీ గదిలో ఒక మూల, తలుపు దగ్గర నిలబడినవారికి మాటలు వినిపించనంత దూరంలో రెండు కుర్చీలు వేయండి. విడిగా గది లేకపోతే ఒక తెర చాలు. నలుగురు పిల్లలు జ్వరం చూపించుకోవడానికి వరుసలో నిలబడి ఉండగా "ఇంట్లో ఏమైనా గొడవా?" అని అడిగితే ఏ బిడ్డా నిజం చెప్పదు.

గోడ మీద, మీ ఫోనులో, ప్రిన్సిపాల్ గదిలో ఈ నంబర్లు ఉండాలి. టెలీ మానస్ 14416: కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఉచిత సేవ ఇది. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు; నౌకాదళంలోనో ఉక్కు కర్మాగారంలోనో పనిచేసే ఇతర రాష్ట్రాల కుటుంబాల పిల్లలు తమ భాషనే ఎంచుకోవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098, అంబులెన్సుకు 108, పోలీసులకు 112.

తర్వాత ప్రిన్సిపాల్‌తో కూర్చుని ఒక పేజీ కార్యవిధానం రాయించుకోండి. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి, మీరు సెలవులో ఉంటే ఎవరు చూడాలి, బిడ్డ వెంట ఆసుపత్రికి ఎవరు వెళ్లాలి, వాహనం ఎక్కడిది అన్నవి అందులో ఉండాలి. ఇందుకు యాజమాన్యం వెనకాడితే సుప్రీంకోర్టు తీర్పును వారి దృష్టికి తీసుకెళ్లండి. మన విశాఖలోనే కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, ఆ న్యాయస్థానం దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మందికి తక్కువ కాకుండా విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించాలని, సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానుకోవాలని, హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనిపించేలా పెట్టాలని అందులో స్పష్టంగా ఉంది. నర్సు ఒక్కరే మోయవలసిన బరువు కాదిది అని చెప్పడానికి మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం ఆ తీర్పు.

2. రిజిస్టరును చదవడం అలవాటు చేసుకోండి

మనం రిజిస్టరులో రాస్తాం గానీ వెనక్కి తిప్పి చదవం. ప్రతి శనివారం పావుగంట కేటాయించి ఆ నెల పేజీలు తిరగేయండి. ఉదాహరణకు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు నెలలో ఆరుసార్లు కడుపునొప్పితో వచ్చిందనుకోండి. ఒక్కో ఎంట్రీ విడిగా చూస్తే అది మామూలు కడుపునొప్పే. ఇచ్చింది ఓఆర్ఎస్, విశ్రాంతి, తిరిగి తరగతికి. ఆరింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే నాలుగు సోమవారాలే, అన్నీ రెండో పీరియడ్ మొదలయ్యేముందే అని తెలుస్తుంది. ఆ పీరియడ్‌లో ఏం జరుగుతోంది? సోమవారానికి ముందు ఆదివారం ఇంట్లో ఏం జరుగుతోంది? మీరు అడగవలసిన ప్రశ్నలు ఆ పేజీలోనే దొరుకుతాయి.

అందుకే సమయం, పీరియడ్, ఎవరు పంపారు, ఎంతసేపు ఉంది అన్న వివరాలు కూడా రాయండి. పొడవు చేతుల చొక్కా మండుటెండలో కూడా విప్పకపోవడం, బరువు తగ్గడం, మధ్యాహ్న భోజనం వదిలేయడం, బాగా ఆడే పిల్లవాడు మైదానానికి వెళ్లకపోవడం, చిన్న మాటకే విరుచుకుపడడం, ఇష్టమైన వస్తువులు స్నేహితులకు పంచేయడం గమనిస్తే తేదీతో సహా నమోదు చేయండి. "డిప్రెషన్" అని మాత్రం రాయకండి. మీరు చూసింది, బిడ్డ అన్న మాట, ఆ రెండే రాయండి.

3. ముందు ఒంటిని చూడండి

మనసు బాధ అని అనుమానం వచ్చినా శరీర పరీక్ష మానకూడదు. ఉష్ణోగ్రత, నాడి, రక్తపోటు, ఆక్సిజన్ శాతం, అవసరమైతే చక్కెర చూడండి. కనురెప్ప లోపలి భాగం పాలిపోయిందా, ఉదయం ఏమైనా తిన్నారా, నెలసరి ఎలా ఉంది, చూపు మందగించిందా అని అడగండి. రక్తహీనత, థైరాయిడ్ లోపం రెండూ నీరసం, మందకొడితనం, ఏకాగ్రత లేకపోవడం రూపంలో కనిపించి దిగులు జబ్బులా భ్రమింపజేస్తాయి. అలాగే మూర్ఛ వ్యాధిని "నటన" అని కొట్టిపారేసిన సందర్భాలూ ఉంటాయి. పైగా మీరు చెయ్యి పట్టుకుని నాడి చూస్తున్న ఆ రెండు నిమిషాల్లోనే చాలామంది పిల్లలు మాట్లాడడం మొదలుపెడతారు. ఈ అవకాశం టీచరుకూ లేదు, కౌన్సెలరుకూ లేదు.

గుండె దడ, ఊపిరి ఆడకపోవడం, చేతులు తిమ్మిరెక్కడం, చచ్చిపోతున్నానన్న భయంతో వచ్చిన బిడ్డకు ఉబ్బసం, చక్కెర తగ్గడం వంటివి లేవని తేల్చుకున్నాక, పక్కన కూర్చుని మీరే నెమ్మదిగా ఊపిరి వదులుతూ తనచేత కూడా అలాగే చేయించండి. పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి. గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పమనండి. ఇటువంటి భయం సాధారణంగా కొద్ది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి తర్వాత దిగిపోతుంది. ముఖానికి కాగితపు సంచి పెట్టవద్దు, చుట్టూ గుంపు చేరనివ్వవద్దు.

4. మాట్లాడే తీరు

ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, బిడ్డ ఎత్తుకు సమానంగా కూర్చోండి. "ఏమ్మా, ఈమధ్య నీరసంగా కనిపిస్తున్నావు, నిద్ర సరిగా పడుతోందా?" అని మొదలుపెట్టండి. నిద్ర, తిండి, స్నేహితులు, చదువు, ఇల్లు అన్న వరుసలో వెళితే బిడ్డకు బెదురు తగ్గుతుంది. "ఎందుకు ఇలా చేశావు?" అనే బదులు "ఆరోజు ఏం జరిగింది?" అనండి. మౌనంగా ఉంటే ఉండనివ్వండి. "ఇంత చిన్న విషయానికేనా", "మీ అమ్మానాన్నలు ఎంత కష్టపడుతున్నారో చూడు", "మా కాలంలో" అన్న మాటలు నోటి దాకా వచ్చినా ఆపుకోండి. అమ్మానాన్నల కష్టం ఆ పిల్లలకు తెలుసు. చాలాసార్లు ఆ తెలియడమే వారి గుండెల మీద బరువు.

రహస్యం విషయంలో మొదటే నిజాయితీగా ఉండాలి. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేయవద్దు. ఇలా చెప్పవచ్చు: "నువ్వు చెప్పింది స్టాఫ్ రూమ్‌లో ఎవరితోనూ అనను. నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం, నిన్ను కాపాడగలిగినవాళ్లకు చెప్పక తప్పదు. ఎవరికి చెప్తున్నానో ముందు నీతోనే అంటాను." పిల్లలు దీన్ని అర్థం చేసుకుంటారు. మాట ఇచ్చి తప్పిన పెద్దవారినే వారు మళ్లీ నమ్మరు.

పాడేరు, అరకు ప్రాంతాల నుంచి వచ్చి నగరంలోని హాస్టళ్లలో చదివే గిరిజన విద్యార్థులకు ఇంటి బెంగతో పాటు భాష కూడా అడ్డంకి అవుతుంది. తమ భాష తెలిసిన పెద్ద తరగతి విద్యార్థిని తోడుగా కూర్చోబెట్టడం బెంగ విషయంలో మంచిదే గానీ, వేధింపు గురించో ప్రాణాపాయం గురించో మాట్లాడేటప్పుడు తోటి విద్యార్థిని దుబాసీగా వాడకూడదు. అందుకు ఆ భాష తెలిసిన పెద్దవారినే వెతకండి.

5. చావు ఆలోచన గురించి నేరుగా అడగండి

ఈ ప్రశ్న అడగడానికి అనుభవం ఉన్న నర్సులు కూడా జంకుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని భయం. ఆ భయానికి ఆధారం లేదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు పదేపదే చెప్పాయి. పైగా ఒంటరిగా మోస్తున్న మాటను బయటపెట్టే దారి దొరికి బిడ్డకు ఊరట కలుగుతుంది. "అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అని అడిగితే "లేవు" అనే జవాబును మనమే నోట్లో పెట్టినట్టు. ఇలా అడగండి:

"చాలా బాధలో ఉన్నప్పుడు కొంతమందికి బతకాలనిపించదు. నీకెప్పుడైనా అలా అనిపించిందా?"

అవునంటే ముఖకవళికలు మార్చకుండా ఒక్కో మెట్టూ దిగండి. చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా? ఎలా అని కూడా ఆలోచించావా? అందుకు కావలసింది ఏమైనా దగ్గర ఉంచుకున్నావా? ఎప్పుడు అని అనుకున్నావా? ఇంతకుముందు ప్రయత్నించావా? ఇప్పటిదాకా నిన్ను ఆపుతున్నది ఏమిటి? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును, అది చెల్లెలు కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, వాలీబాల్ జట్టు కావచ్చు, బిడ్డ మాటల్లోనే రాసుకోండి. రేపటి సంభాషణ దాని మీదే నిలబడుతుంది.

"చెప్పినందుకు మంచి పని చేశావు. ఇది నువ్వొక్కదానివే మోయక్కర్లేదు" అనండి. ఆ తర్వాత బిడ్డను ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి. మరుగుదొడ్డికి వెళ్లినా ఒకరు తలుపు బయట ఉండాలి. పథకం, సాధనం, సమయం అనుకున్నట్టు తేలితే అది ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి తీసుకెళ్లవలసిన పరిస్థితి. ఆలోచన మాత్రమే ఉండి పథకం లేకపోయినా తల్లిదండ్రులను అదే రోజు పిలిపించాలి. బిడ్డను ఆటోలో ఒంటరిగా ఇంటికి పంపించడం, "రేపు మాట్లాడుకుందాం" అనడం కుదరదు.

ఏదైనా మింగినట్టు చెప్పినా, అనుమానం వచ్చినా, బిడ్డ ఎంత బాగా కనిపిస్తున్నా వెంటనే 108కు ఫోన్ చేయండి. కొన్ని విషపదార్థాలు, కొన్ని మాత్రలు మొదటి గంటల్లో ఏ లక్షణమూ చూపకుండా తర్వాత కాలేయాన్ని దెబ్బతీస్తాయి. వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్లు పట్టించవద్దు. ఖాళీ డబ్బా, రేకు ఏది దొరికితే అది అంబులెన్సులో వెంట పంపండి. పోలీసు కేసు అవుతుందని తల్లిదండ్రులు జంకితే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే పరిగణించి శిక్ష నుంచి రక్షణ ఇస్తుందని, ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం కావడమే అసలు ప్రమాదమని వివరించండి.

చేతి మీద గాట్లు కనిపిస్తే ముందు గాయాన్ని శుభ్రం చేసి కట్టు కట్టండి. తిట్టవద్దు, ఇంకొకరిని పిలిచి చూపించవద్దు. ఇటువంటి గాట్లు పెట్టుకునే పిల్లలందరికీ చనిపోవాలని ఉండదు. తట్టుకోలేని బాధను ఒంటి నొప్పిగా మార్చుకునే ప్రయత్నం కొందరిది. అయినా పై ప్రశ్నలన్నీ వారినీ అడగాల్సిందే.

6. తల్లిదండ్రులతో

ఫోనులో జబ్బు పేరు ఎత్తవద్దు. "ఒకసారి వచ్చి కలవండి, అమ్మాయి క్షేమంగానే ఉంది" అంటే చాలు. వచ్చాక నిర్ణయాలు కాకుండా మీరు చూసినవి చెప్పండి. "మీ అమ్మాయికి డిప్రెషన్‌లా ఉంది" అంటే తండ్రి వాదనకు దిగుతారు. "ఈ నెలలో ఆరుసార్లు కడుపునొప్పితో వచ్చిందండీ, క్యారేజీ సగం కూడా తినడం లేదు, రాత్రి మూడింటి దాకా నిద్ర పట్టడం లేదని తనే చెప్పింది. ఇంట్లో మీకెలా కనిపిస్తోంది?" అని అడిగితే, సాధారణంగా తల్లే అందుకుని మిగతాది చెబుతుంది.

దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో అనేవారు ఉంటారు. వారి నమ్మకాన్ని వెటకారం చేస్తే ఆ కుటుంబం మళ్లీ మీ గడప తొక్కదు. "బురుజుపేట అమ్మవారి దర్శనం చేయించండి, డాక్టరుకూ చూపించండి, డాక్టరు దగ్గరకు మాత్రం ఈ వారంలోనే వెళ్లండి" అనండి. కొట్టడం, వాతలు పెట్టడం, పస్తులుంచడం వంటివి చేసేచోటికి తీసుకెళ్తామంటే మాత్రం మొహమాటం లేకుండా వద్దని చెప్పాలి. "రేపు పెళ్లి కావలసిన పిల్ల, నలుగురికీ తెలిస్తే ఎలా" అన్న భయం నిజమైనదే. ఇందాక చెప్పిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే వైద్య వివరాల గోప్యతకు హామీ ఇస్తోందని, పాఠశాలలో ఎవరెవరికి తెలుస్తుందో పేరు పేరునా చెప్పండి.

7. ఎక్కడికి పంపాలి

అత్యవసరం కాని సందర్భాల్లో తల్లిదండ్రుల సమక్షంలోనే 14416కు ఫోన్ చేసి మాట్లాడించడం మంచి ఆరంభం. తర్వాత చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల అవుట్ పేషెంట్ విభాగం. ఆ పేరు వినగానే చాలామంది ముఖాలు మాడిపోతాయి. ఊళ్లో ఆ ఆసుపత్రి పేరును తిట్టుగా వాడే అలవాటు పిల్లలకు ఎంత చేటు చేస్తోందో చెప్పలేను. అది ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న బోధనాసుపత్రి, ఓపీకి వెళ్లినంత మాత్రాన చేర్చుకోరు, చూపించుకుని మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు అని విడమరచి చెప్పండి. అప్పటికీ ఒప్పుకోకపోతే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగంలోనో, కుటుంబానికి తెలిసిన డాక్టరు దగ్గరో మొదలుపెట్టనివ్వండి. మొదటి అడుగు పడడం ముఖ్యం.

వెంట ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి: ఎప్పటి నుంచి, ఏయే లక్షణాలు, మీరు చూసిన కొలతలు, బిడ్డ అన్న మాటలు, చదువులో వచ్చిన మార్పు. రద్దీగా ఉండే ఓపీలో డాక్టరుకు దొరికే కొద్ది నిమిషాల్లో ఆ పేజీ ఎంతో పని చేస్తుంది. వారం తిరిగేలోగా "వెళ్లారా?" అని మీరే ఫోన్ చేయండి.

8. బాధకు కారణం ఇంట్లోనో బడిలోనో ఉన్నప్పుడు

లైంగిక వేధింపు జరిగిందని బిడ్డ చెప్పినా, అనుమానించడానికి కారణం ఉన్నా, 2012 పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ మీద ఉన్న బాధ్యత. ప్రిన్సిపాల్ అనుమతి కోసం ఆగవలసినది కాదు. తెలియజేయకపోవడం శిక్షార్హం. గుచ్చి గుచ్చి అడగవద్దు, పదిమంది చేత పదిసార్లు చెప్పించవద్దు. బిడ్డ వాడిన మాటలను ఉన్నది ఉన్నట్టు రాసి, తేదీ, సమయం వేసి సంతకం చేయండి. బిడ్డ ఎవరి పేరు చెప్పిందో ఆ వ్యక్తి ఇంటివారే అయితే ముందుగా ఆ ఇంటికి ఫోన్ చేయకూడదు. 1098 వారి సాయం తీసుకోండి.

9. మందులు, తిరిగి బడికి రావడం

చికిత్స మొదలయ్యాక ప్రిస్క్రిప్షన్ నకలు, తల్లిదండ్రుల లిఖిత అనుమతి తీసుకుని, మందులను తాళం ఉన్న బీరువాలో పెట్టి, మీ ఎదుటే వేయించండి. హాస్టల్ పిల్లల చేతికి స్ట్రిప్పులు ఇవ్వవద్దు. దిగులు జబ్బుకు ఇచ్చే ఫ్లుఆక్సెటిన్ వంటి మందుల ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదలుపెట్టిన తొలి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ బిడ్డలో అశాంతి, చిరాకు, చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో ప్రత్యేకంగా చూడాలి. పెరిగితే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. కాస్త తేరుకోగానే ఇంట్లోవాళ్లు మందు ఆపేయడం చాలా మామూలు. డాక్టరు చెప్పకుండా ఆపకూడదని ప్రతి నెలా గుర్తుచేయండి.

సెలవు తర్వాత తిరిగి వచ్చే రోజు గురించి బిడ్డను ముందే అడగండి: స్నేహితులు ఎక్కడికి వెళ్లావంటే ఏం చెప్పాలనుకుంటున్నావు, ఏ టీచరుకు తెలిస్తే నీకు ఇబ్బంది లేదు? మొదటి వారం సగం రోజే ఉండడం, పెండింగు నోట్స్ రాయడానికి గడువు ఇవ్వడం, తరగతిలో ఊపిరాడనట్టు అనిపిస్తే చేతికి ఇచ్చిన చిన్న కార్డు చూపించి మీ గదికి వచ్చేయడం వంటివి ప్రిన్సిపాల్‌తో మాట్లాడి ఏర్పాటు చేయండి. తరగతి ఉపాధ్యాయులకు ఏం చేయాలో చెబితే చాలు, జబ్బు వివరం అక్కర్లేదు.

పరీక్షల నెలలు, ఫలితాల రోజులు విడిగా చూసుకోవాలి. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చేసరికి పిల్లలు సెలవుల్లో, మీ కంటికి దూరంగా ఉంటారు. అందుకని చివరి పరీక్షకు ముందే మీరు కనిపెట్టుకుని ఉన్న ప్రతి బిడ్డ ఇంటికీ ఫోన్ చేసి, ఫలితం వచ్చే రోజున ఇంట్లో పెద్దవారు ఒకరు తోడుగా ఉండేలా, సప్లిమెంటరీ పరీక్ష ఉందన్న సంగతి ఆ రోజు కాకుండా ముందుగానే చెప్పేలా మాట్లాడండి. పదో తరగతి పూర్తి చేసి వేరే జూనియర్ కళాశాలకు వెళ్లే బిడ్డ విషయంలో, కుటుంబం ఒప్పుకుంటే, చికిత్స వివరాలతో ఒక ఉత్తరం రాసి సీల్ చేసి తల్లిదండ్రుల చేతికివ్వండి. కొత్త కళాశాలలో దాన్ని ఎవరికివ్వాలో కనుక్కుని ఆ వ్యక్తి హోదా కవరు మీద రాయండి, జూన్‌లో ఒకసారి ఫోన్ చేసి అది చేరిందో లేదో తెలుసుకోండి.